బల్లమీది సముద్రము: ఫిరంగులు మోసిన వర్తక నౌకలు

(సంఘము వారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది కవిసమ్మేళనములకును, త్యాగరాజ ఆరాధనోత్సవములకును అలవాటుపడిన ఈ వేదికమీద ఓడబొమ్మలను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మొదట పరిహాసమనుకొంటిని. మా ఇంటి భోజనపు బల్ల నెలకు రెండు ఆదివారములు సముద్రముగా మారుచున్నదనియు, ఆ దినములలో మా ఇంటివారు వంటయింటిలో చాపలు పరచి మాకు అన్నము పెట్టుచున్నారనియు ఆయనకు ఎవరో చెప్పినారట. చెప్పినవారెవరో నాకు తెలియును. వారిప్పుడు రెండవ వరుసలో కూర్చుండి నవ్వుచున్నారు.

ఈ వినోదమును ఎరుగని వారికొరకు రెండు మాటలు చెప్పెదను. బల్లపై నీలిగుడ్డ పరతుము. నిజమైన ఓడను 1200 వంతులు తగ్గించి చేసిన బొమ్మలను దానిపై నిలుపుదుము. గాలి వచ్చు దిక్కును ఒక బాణపు గుర్తు తెలుపును. ఇరుపక్షములవారును తమతమ ఓడలు ఎటు పోవలెనో చీటీలపై వ్రాసి ఒక్కసారిగా వెల్లడింతురు. కొలబద్దతో కొలిచి ఓడలను జరుపుదుము. పిమ్మట ఫిరంగుల పని పాచికలు తేల్చును. తగవు వచ్చినచోట మధ్యవర్తి మాటయే తీర్పు. పిల్లల ఆట యని తోచవచ్చును. కాని స్కాట్లండు దేశస్థుడైన జాన్ క్లర్క్ అను వర్తకుడు, నావికవృత్తి యెరుగని వాడు, చిన్న చిన్న ఓడబొమ్మలను బల్లపై నడపి చూచియే నౌకాయుద్ధ తంత్రముపై గ్రంథము వ్రాసెను. అది 1782లో మిత్రులకొరకును, 1790లో లోకము కొరకును అచ్చయినది. 1898లో ఫ్రెడ్ జేన్ అను ఆంగ్లేయుడు ఇట్టి ఆటకు నియమావళిని కూర్చి ప్రకటించెను. యుద్ధనౌకల వివరములతో ఏటేట వెలువడుచున్న ప్రసిద్ధ గ్రంథము ఆయన పేరుననే యున్నది.

నేనీ వ్యాపకమున పడినది కళాశాలలో చరిత్ర చదువుకొన్న మమకారముచేత. యుద్ధనౌకలను బల్లపై చూపుట కష్టము కాదు. డెబ్బదినాలుగు ఫిరంగుల ఓడ యనగా దాని నిర్మాణము, దాని జనము, దాని బలము ఇంచుమించు తెలిసినవే. ఒక అంకె వేసిన చాలును. నన్ను చాలకాలము తికమకపెట్టినవి వర్తకపు ఓడలు. అందును ఈస్టిండియా కుంపిణీ వారి కొలువులో ఇంగ్లండునకును, మన దేశమునకును, చీనాకును నడుమ తిరిగిన పెద్ద ఓడలు. అవి సరకుల ఓడలే. అయినను ఫిరంగులు మోసినవి. వానికి ఏ అంకె వేయవలెను?

కొలతలు చూడుడు. చీనా వ్యాపారమునకు పోవు 1200 టన్నుల కుంపిణీ ఓడ పొడవు సుమారు 165 అడుగులు. ఫ్రెంచివారి డెబ్బదినాలుగు ఫిరంగుల యుద్ధనౌక సుమారు 183 అడుగులు. బల్లమీదికి వచ్చునప్పటికి ఒకటి 42 మిల్లీమీటర్లు, రెండవది 46 కొంచెము మించి. వ్రేలిగోటి మందము పెరిగిన పెరుగుట! ఇక ఏబది ఫిరంగుల రాజనౌకలు కొన్ని 146 అడుగులే. అనగా వర్తకపు ఓడయే వానికంటె పొడవైనది. పైగా ఆ ఓడల పక్కలకు పసుపు, నలుపు పట్టెలు తీర్చి, ఫిరంగుల గవాక్షములను రెండు వరుసలుగా దిద్దెడివారు. వానిలో కొన్ని గవాక్షములు నిజమైనవి, కొన్ని కుంచెతో గీసినవి. దూరమునుండి చూచువానికి అరువదినాలుగు ఫిరంగుల యుద్ధనౌకవలె కనబడుటయే వారికి కావలసినది.

లోపలి సంగతి వేరు. అట్టి ఓడపై ముప్పదినుండి ముప్పదియారు ఫిరంగులుండెడివి. వానిలో పెక్కు పదునెనిమిది పౌన్ల గుండు విసరునవి. యుద్ధనౌకలో అట్టి ఫిరంగి ఒక్కొక్కదానికి తొమ్మండుగురు పదిమంది పనిచేసెడివారు. ముప్పదియారింటిలో ఒక పక్కనున్న పదునెనిమిదింటికే ఆ లెక్కన నూటయరువది మందికి పైగా కావలెను. ఓడలోని జనమంతయు నూటముప్పది, నూటనలుబది. అందరును ఫిరంగులకడ నిలిచినచో తెరచాపలు త్రిప్పువాడెవ్వడు? చుక్కాని పట్టువాడెవ్వడు? ఫ్రెంచి డెబ్బదినాలుగు ఫిరంగుల నౌకలోనో, దగ్గరదగ్గర ఏడువందల మంది! ఫిరంగులను లెక్కించినవాడు ఒక ఓడను చూచును. మనుష్యులను లెక్కించినవాడు ఇంకొక ఓడను చూచును.

ఓడ కట్టడమున లోపము లేదనుటకు నిదర్శనము కలదు. 1795లో ఇంగ్లండు ప్రభుత్వము కుంపిణీ ఓడలను కొన్నింటిని కొని రాజనౌకలుగా మార్చెను. వానిలో గ్లాటన్ అనునది యొకటి. దానికి కారొనేడ్ అను పొట్టి, బరువు ఫిరంగులను ఏబదియారింటిని కూర్చి, యుద్ధమునకు తగిన జనమును ఎక్కించిరి. 1796 జూలైలో అది ఒంటరిగా ఒక ఫ్రెంచి నౌకాదళమును ఎదుర్కొని తరిమివేసినది. చెక్క అదియే. మారినవి ఫిరంగులును, మనుష్యులును.

ఇప్పుడు నా పొరపాట్లు చెప్పవలెను. బల్లపై నేను మొదట ఆడించిన యుద్ధము పులో ఆరా. మలయా ద్వీపకల్పమునకు తూర్పున నున్న చిన్న దీవి అది. 1804 ఫిబ్రవరిలో కాంటన్ నుండి తేయాకు, పట్టు మున్నగు సరకులతో కుంపిణీ ఓడలు పదునారు, వానితోపాటు దేశవాళీ వర్తకుల ఓడలును వచ్చుచుండెను. సరకు విలువ ఎనిమిది మిలియన్ల పౌన్లని చెప్పుదురు. వెంట ఒక్క రాజనౌకయైనను లేదు. వాని పెద్ద నథానియల్ డాన్స్ అను ఏబదియైదేండ్ల వర్తక నావికుడు. ఆ ఓడలకొరకే కాచియుండిన ఫ్రెంచి అడ్మిరల్ లినోవా 14వ తేదీ ఉదయమున ఎదురయ్యెను. ఆయనకు డెబ్బదినాలుగు ఫిరంగుల మారెంగో, నలుబది ఫిరంగుల బెల్ పూల్, ముప్పదియారింటి సెమియాంత్, ఇరువదిరెండింటి బెర్సో, పదునారు ఫిరంగుల చిన్న ఓడ యొకటి.

నా మొదటి ఆటలో నేను ఫిరంగులను కూడితిని. ఫ్రెంచివారికి 188. కుంపిణీ ఓడకు ముప్పది చొప్పుననే వేసినను పదునారింటికి 480. ఇంకేమున్నది? ఒక్క గంటలో ఫ్రెంచి నౌకాదళము బల్లనుండి మాయమైనది. ఆడినవారు సంతోషించిరి కాని నాకు రాత్రి నిద్రపట్టలేదు. మరుసటి నెల మనుష్యుల లెక్కనుబట్టి అంకెలు వేసితిని. లినోవా పక్షమున ఆడిన యువకుడు ఆ అంకెలను చూచి నవ్వి, చీటీపై తిన్నగా నడిమికి పొమ్మని వ్రాసెను. తొమ్మిది ఓడలు పట్టుబడినవి. రెండు ఆటలలోను పాచికలు నిష్పక్షపాతముగానే పడినవి. రెండును అబద్ధములే.

నిజముగా జరిగినదేమన, డాన్స్ పారిపోలేదు. ఓడలను వరుస తీర్చి నిలిపెను. ఆ రాత్రి దీపములార్పలేదు. చీకటిలో జారిపోవువారు దీపములార్పుదురు గాని నిలిచి పోరాడదలచినవారు వెలిగించియే యుంచుదురు. మరునాటి ఉదయమున ముందున్న కొన్ని ఓడలపై, రాజనౌకలు ఎత్తునట్టి నీలిజెండాలను ఎత్తించెను. తక్కినవానిపై వర్తకుల ఎఱ్ఱజెండాలు. లినోవాకు ముందుగా అందిన వార్తలో ఉన్నదానికంటె ఎక్కువ ఓడలు కనబడుచున్నవి. ఆ ఎక్కువవి యుద్ధనౌకలు కావచ్చును గదా! మధ్యాహ్నము ఒంటిగంటవేళ ఫ్రెంచివారు వెనుకటి ఓడలను తెగగొట్టబోగా డాన్స్ వరుస త్రిప్పి వారిపైకే నడిచెను. ముందు నడిచినది రాయల్ జార్జ్. పోరు నలుబదిమూడు నిమిషములు. రాయల్ జార్జ్ పై ఒకడు మరణించెను, ఒకడు గాయపడెను. లినోవా వెనుదిరిగెను. అంతటితో ఆగక, సరకుల ఓడలు యుద్ధనౌకలను రెండుగంటలు తరిమినవి! డాన్స్ సంజ్ఞలు చూచుటకు తోడ్పడిన కుఱ్ఱవాడు జాన్ ఫ్రాంక్లిన్, అనంతరకాలమున ఉత్తరధ్రువ యాత్రలో అంతరించిన వాడు.

ఈ కథను నాలుగవసారి చదువునప్పుడు నాకు తట్టినది. ఆ ఓడల ముఖ్యాయుధము ఫిరంగి కాదు, ఎదుటివాని సందేహము. ఆడువానికి ఓడ బలము తెలిసిన క్షణమున ఆ ఆయుధము చేజారిపోవును. కనుక వర్తక నౌకకు ఒక అంకె చాలదు. పైకి కనబడునది యొకటి, లోపల దాగినది యొకటి, రెండు కావలెను. లోపలి అంకెను మధ్యవర్తి తప్ప మరెవ్వరును చూడరాదు.

ఆ ప్రకారము మూడవ ఆటకు ముప్పది కవర్లు కొంటిని (సొంత డబ్బుతోనే, ఆఫీసువి కావు). ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క కవరు. లోపల ఆ ఓడ నిజస్వరూపము. బొమ్మలన్నింటికి ఒకే పట్టెలు, రెండేసి వరుసల గవాక్షములు. లినోవాగా ఆడుటకు లెక్కల విభాగమున పనిచేయు మిత్రునొకరిని పిలిచితిని. చదరంగమున దిట్ట, ఈ చరిత్ర మాత్రము ఎరుగడు. లినోవాకు ఏమి తెలియునో అంతయే ఆయనకు చెప్పితిని.

ఆయన మొదటి పావుగంట చేతులు కట్టుకొని బల్లచుట్టు తిరిగెను. చిన్న ఓడను పంపి చూడవచ్చునా యని అడిగెను, వచ్చునంటిని. అది తిరిగివచ్చులోపల బల్లపై సాయంకాలమైనది. "పొద్దున చూద్దామండీ" అనెను. ఉదయమున నీలిజెండాలు గుచ్చితిని. ఆయన నుదురు తుడుచుకొనెను. వెనుకటి ఓడలవైపు పోయెను. ఎదుటి వరుస మలగి మీదికి వచ్చుచుండగా చూచి, మూడు విడతలు కాల్చి, నాలుగవ చీటీలో తన ఓడలను వెనుకకు మరలించెను.

కవర్లు విప్పితిమి. ఒక్కటియు యుద్ధనౌక లేదు. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట అనెను: "కవర్లు విప్పిన తరువాత ఎవరైనా వీరుడేనండీ. మీరు నా స్థానంలో ఉండి చూడండి."

లినోవా వెనుదిరిగిన వార్త విని నెపోలియన్ మండిపడెను. నాటినుండి నేటివరకు ఆయనను పిరికివానిగా వ్రాసినవారే ఎక్కువ. ఈ సభలో ఫైళ్ళపై సంతకము చేయుటలో తలలు నెరసినవారున్నారు. అర్ధసమాచారముతో, గడువు తరుముచుండగా ఒక నిర్ణయము వ్రాసెదము. అయిదేండ్ల తరువాత ఆడిట్ వారు సమస్త పత్రములును ముందుంచుకొని, ఇది ఏల తోచలేదని అడుగుదురు. ఇట్లనుటచే లినోవా నిర్ణయము సరియైనదని నేననను. మారెంగో వంటి ఓడ తన అదుపులో నుండగా ఇంకొక అరగంట దగ్గరగా నిలిచి కాల్చినచో, ఎదుటి ఫిరంగులు ఎంత మెల్లగా బదులు చెప్పుచున్నవో ఆయనకు బోధపడియుండెడిది. ఆయన తప్పు భయపడుటలో లేదు. సందేహమును తీర్చుకొనక ముందే మరలుటలో ఉన్నది. అంకెలు బాహాటముగనున్న ఆటలో ఈ భేదము ఎన్నటికిని కనబడదు.

పై ఆటనుండి నా నియమములలో ఒకటి చేరినది. వర్తక నౌక మొదటి సారి పేల్చినప్పుడు దాదాపు పూర్తి బలమునిత్తును. ఫిరంగులు ముందుగనే నింపి యుంచవచ్చును గదా. రెండవసారికి మూడవవంతే. మరల నింపుటకు చేతులు చాలవు. శత్రువు దగ్గరగా నిలిచి ఓర్పుతో లెక్కించినచో కవరు విప్పకయే లోపలి అంకెను ఊహింపగలడు. ఆ ఓర్పునకు వెల గుండుదెబ్బలు.

ఈ మాయ ఒక్కసారి పనిచేసినది కాదు. 1797 జనవరిలో బాలి జలసంధికడ ఆరు కుంపిణీ ఓడలు యుద్ధనౌకలవలె నటించి ఫ్రెంచి అడ్మిరల్ సెర్సే దళమును మరలించినవి. 1800 ఆగస్టులో బ్రెజిల్ తీరమున ఎక్సిటర్ అను కుంపిణీ ఓడ రాత్రివేళ గవాక్షములన్నింట దీపములు వెలిగించుకొని మెదే అను ఫ్రెంచి యుద్ధనౌకను సమీపింపగా, ఆ కెప్టెన్ పెద్ద యుద్ధనౌక యనుకొని లొంగిపోయెను. అదే సంవత్సరము అక్టోబరులో మన బంగాళాఖాతమున కథ తలక్రిందులైనది. సుర్కూఫ్ అను ఫ్రెంచి కెప్టెన్ పదునెనిమిది ఫిరంగుల కాన్ఫియాన్స్ పై నుండి, తనకంటె ఎంతో పెద్దదైన కెంట్ అను కుంపిణీ ఓడపైకి దుమికి దానిని పట్టుకొనెను. కెంట్ కెప్టెన్ పోరులో మరణించెను. ఆ ఓడపై మనుష్యులకు కొరతలేదు, ప్రయాణికులతో క్రిక్కిరిసియుండెను. కాని సుర్కూఫ్ వెంటనున్న వారందరు కత్తిపట్టుటకే ఓడయెక్కినవారు. సుర్కూఫ్ బొమ్మలకు మోసపోడు, దగ్గరకు వచ్చి తాకి చూచువాడు. అందుచే ఒట్టి తలలెక్కయు చాలదని ఒప్పుకొని, ఆ నియమమును మరల దిద్దితిని.

మనుష్యుల మాట వచ్చినది గనుక ఒక ఫిర్యాదు. ఈ ఆటకు సిద్ధముగా దొరకు నియమావళులలో నావికులకు తరగతులు వేయుట ఆచారము: మేలిరకము, నడితరము, నాసి. తిరుగు ప్రయాణమున ఈ ఓడలపై తెల్ల కళాసీలు తక్కువ. రాజనౌకలవారు వారిని బలవంతముగా పట్టుకొనిపోవుటచే ఆ వెలితిని మన దేశపు లాస్కరులు, చీనా నావికులు నింపెడివారు. ఆ కారణమునే చూపి ఓడను నాసి తరగతిలో పడవేయుట నేను చూచితిని. ఇది నాకు సమ్మతము కాదు. తెరచాప విప్పుటలో, దింపుటలో, తుపానులో స్తంభమెక్కుటలో వారికి కొదవయేమి? వారికి లేనిది ఫిరంగి శిక్షణ. పరాయి కుంపిణీ తేయాకు కొరకు చేయి పోగొట్టుకొనుటకు తగిన హేతువును లేదు. కావున నా కవర్లలో వారికి ఓడ నడపుటలో పూర్తి మార్కులు, ఫిరంగుల యందు తక్కువ మార్కులు. రెండింటిని కలిపి ఒకే తరగతిగా వ్రాసినవాడు ఓడయెక్కి యెరుగడు. నేనును ఎక్కి యెరుగననుకొనుడు. రైలులో ఢిల్లీ చేరినవాడను.

చివరగా మన తీరపు సంగతి. పులో ఆరా జరిగిన ఏడునెలలకు, 1804 సెప్టెంబరు 15న, అదే లినోవా అదే మారెంగోతో, సెమియాంత్, అతలాంత్ అను మరి రెండు నౌకలతో విశాఖపట్టణము ముందు ప్రత్యక్షమయ్యెను. నేడు మనమెరిగిన ఓడరేవు 1933లో తెరచినది. నాడున్నది తెరపి సముద్రమే. ఓడలు తీరమునకు ఎదురుగా లంగరు వేసి నిలిచెడివి. ఆనాడు నిలిచినవి ఏబది ఫిరంగుల రాజనౌక సెంచూరియన్, దాని సంరక్షణలో మదరాసు పోవలసిన బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అను రెండు వర్తక నౌకలు. సెంచూరియన్ కెప్టెన్ అప్పుడు ఒడ్డున ఉండెను. పోరు నడుమ పడవపై వచ్చి ఓడ చేరెను. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొనిపోయి కెరటములలో పగిలినది. ప్రిన్సెస్ షార్లెట్ పోరాడకయే లొంగినది. సెంచూరియన్ చిల్లులు పడియు నిలిచినది. లినోవా పట్టిన ఓడతో వెడలిపోయెను. డాల్ఫిన్స్ నోస్ కొండవైపునుండి ఆ పొగను చూచిన మనవారు ఏమనుకొనిరో!

దీనిని బల్లపై ఆడించినప్పుడు ప్రిన్సెస్ షార్లెట్‌ను మా అమ్మాయికి ఇచ్చితిని. పదునాలుగేండ్లది. లొంగెదవా యని అడిగితిని. "నేనెందుకు లొంగుతాను నాన్నా?" అనెను. అతలాంత్ మీద పేల్చినది, మరల పేల్చినది, మూడవ విడతలో మునిగినది. అట్టమీది మనుష్యులు చావరు గనుక ఆ సాహసమునకు వెలలేదు. నిజమైన వర్తక కెప్టెన్ కు ఓడలో సొంత పెట్టుబడి సరకుగానుండును, ప్రయాణికులుందురు. యుద్ధమున చచ్చుటకు ఆతనికి జీతము లేదు. అందుచే ఇంకొక నియమము వ్రాసితిని: శత్రు యుద్ధనౌక అందుబాటులోనికి వచ్చి, నడుమ స్నేహపు ఓడ లేనప్పుడు వర్తక నౌక లొంగునా లేదా యన్నది ఆటగాడు కాదు, పాచిక తేల్చును. తక్కినవారు ఒప్పుకొనిరి. మా అమ్మాయి ఆ నియమమును చదివి, "అయితే ఆ ఓడకు ఆటగాడెందుకు?" అని అడిగెను. దానికి నేనింకను తగిన సమాధానము వెదకుచున్నాను.

ప్రక్కగదిలో బల్ల సిద్ధము చేసియున్నాము. పులో ఆరా ఈ సంఘమున ఇక ఆడింప వీలులేదు. ఈ ప్రసంగము విన్న మీలో ఎవ్వరును లినోవా వేషమునకు పనికిరారు. కనుక విశాఖ తీరమును అమర్చితిమి. గాలి నైరుతినుండి వీచుచున్నది, మూడు ఓడలు లంగరు వేసియున్నవి. తేనీరు పుచ్చుకొన్న పిమ్మట ప్రిన్సెస్ షార్లెట్‌ను నడపుటకు ఎవరైనను ఒకరు ముందుకు రావలెను. మా అమ్మాయి ఇక ఆ ఓడ ఎక్కనన్నది.